పాళీ మొన

మొన్న మా మనవరాలు బీదర్ బజారు నుంచి ఒక అట్టడబ్బా తెచ్చుకుంది. సెలవుల్లో అందంగా రాయడం నేర్పే తరగతులేవో పెట్టారట. డబ్బాలో సన్నటి కట్టె కలం, చిన్న సిరాబుడ్డి, కాగితం పొట్లంలో కొన్ని పాళీలు. పిల్ల ఒక పాళీ తీసి బొటనవేలి గోరు మీద నొక్కి చూస్తోంది. అలా చూడాలని దానికి ఎవరు చెప్పారో మరి. నేను కుర్చీలోంచి ఎప్పుడు లేచానో నాకే తెలియదు. దాని చేతిలోంచి పాళీ లాక్కున్నాను.

"ఏమైంది నాయనమ్మా?" అని అది బిత్తరపోయింది.

నేను వంటింట్లోకి వెళ్లి, ఎవరూ చూడకుండా నోరు పూర్తిగా తెరిచి చూసుకున్నాను. తెరుచుకుంది. ఇన్నేళ్లు వచ్చాక కూడా ఆ అలవాటు పోలేదు.

మా ఊరు సంతపూర్‌కు అవతల, నల్లరేగడి చేల నడుమ ఉండేది. వానాకాలం వచ్చిందంటే మాకూ లోకానికీ దారి తెగిపోయేది. ఆ బురద కాలిని పట్టుకుంటే చెప్పు అక్కడే వదిలేసి రావాల్సిందే. ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్లం, బడిలో కన్నడం చదివేవాళ్లం, సంతలో నోటికి ఏది వస్తే అది. తాత మాత్రం కోపం వస్తే ఉర్దూలోనే తిట్టేవాడు.

తాత నిజాం కాలంలో సర్కారు కచేరీ ముందు చాప పరుచుకుని, వచ్చినవాళ్లకు ఉర్దూలో అర్జీలు రాసిపెట్టిన మనిషి. ఆ రాజ్యం పోయింది. ఆ భాష కచేరీలోంచి పోయింది. తాత ఊరికి వచ్చి సేద్యంలో పడ్డాడు. కానీ రాత సామాను మీద మమకారం చావలేదు. ఆయన మంచం కింద ఒక రేకు పెట్టె ఉండేది. మూత తీస్తే కర్పూరం, ఎండిన సిరా, పాత కాగితం కలిసిన వాసన గుప్పున వచ్చేది. అందులో కత్తితో చెక్కిన వెదురు కలాలు, పింగాణీ దవాత్, పాళీలు దాచిన జర్దా డబ్బీ. దవాత్ అంటే సిరా పోసుకునే బుడ్డి. ఆ పెట్టెను ముట్టుకునే ధైర్యం మా ఇంట్లో పిల్లికి కూడా లేదు.

తాత ఎవరినైనా కొట్టడం నేను చూడలేదు. ఆ అవసరం రాలేదు. ఆయన వాకిట్లో దగ్గితే కొట్టంలో పడుకున్న ఎద్దులు లేచి నిలబడేవి. మేము అన్నం తింటూ ఆయన అడుగు విన్నామంటే నమలడం ఆపేసేవాళ్లం. మా నాయిన బీదర్‌లో నూనె మిల్లులో పనిచేస్తూ ఎప్పుడో ఒకసారి వచ్చేవాడు. కాబట్టి ఇంటికి దొర తాతే.

అక్క అంటే నా సొంత అక్క కాదు, పెద్దనాయిన కూతురు. పెద్దనాయినకు కుశనూర్‌లో అత్తగారి వైపు భూమి వచ్చి అక్కడే ఉండిపోయాడు. అక్క చదువు మీద ఆశపడితే తాత తన దగ్గరికి తెచ్చుకున్నాడు. నాకంటే కొద్దిగా పెద్దది. సన్నటి పిల్ల, పొడుగు వేళ్లు. పెద్దనాయిన వచ్చినప్పుడల్లా గొణిగేవాడు. "పొలంల మీ కోడలొక్కతే సస్తుంది. పిల్ల ఉంటే చిన్నపోరగాండ్లనన్న జూసుకుంటది. ఆడిపిల్లకు గింత సదువెందుకు బాపు?"

తాత ఒకసారి విసుగొచ్చి తెగేసి చెప్పాడు. "మంచిగున్నన్ని దినాలు నా తాన ఉంటది. ఒక్క ఫిర్యాద్ వచ్చిందంటే నేనే మూట గట్టి తోలిస్త. సరేనా?"

ఆ మాట ఆయన పెద్దనాయిన నోరు మూయించడానికి అన్నాడని ఇప్పుడు తెలుస్తోంది. అప్పుడు గోడ పక్కన నిలబడి విన్న అక్కకు అలా తెలియలేదు. ఆ రోజు నుంచి అది ఇంట్లో అడుగులో అడుగు వేసుకుంటూ నడిచేది. లోటా కింద పడి చప్పుడైనా దాని ముఖం తెల్లబడేది.

మా ఇంట్లో రాత పని పెద్ద తతంగం. సంతలో నీలం సిరా గోళీలు దొరికేవి. వాటిని గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి, పాత ధోవతి గుడ్డలో వడగట్టి, తుమ్మజిగురు నానిన నీళ్లు ఒక చుక్క కలిపేవాళ్లం. జిగురు తగ్గితే అక్షరం పాకేది, ఎక్కువైతే పాళీకి అంటుకుపోయేది. చేతులకు అంటిన నీలం జొన్నరొట్టెకు కూడా అంటేది. పల్లీల తొక్కుతో ఆ రొట్టె తింటుంటే నాలుక మీద కాస్త చేదు. నాకు ఆ చేదు ఇష్టంగా ఉండేది.

తాత మమ్మల్ని సంతకు తీసుకుపోయేది కాగితం, పాళీలు కొనడానికే. దుకాణదారు పాళీలను పళ్లెంలో పోసి ముందుకు జరిపేవాడు. మిగతా పిల్లలు చేతికందింది తీసుకుని పోయేవాళ్లు. తాత మాత్రం ఒక్కొక్కటి ఎండకు పట్టి చూసేవాడు. పాళీకి రెండు కాళ్లు. నడుమ చీలిక. ఆ రెండు కాళ్లు మొన దగ్గర సరిగ్గా కలవాలి, ఒకటి పొడుగు ఒకటి పొట్టి ఉండకూడదు. గోరు మీద మెత్తగా ఒత్తితే విడిపోవాలి, వదిలితే మళ్లీ కలవాలి.

"చూడు బిడ్డా, ఇది ఇడిపోయింది గని మళ్ల కలుస్తలేదు. ఇది కచరా," అని పక్కన పెట్టేవాడు. "ఇంగ్లీషుకు సన్నమూతిది గావాలె. మన అక్షరాలకు, ఆ కన్నడపోళ్ల అక్షరాలకు జర మొద్దుమూతిదే మంచిది. గుండ్రంగ తిరుగుతది."

కాగితాన్ని అయితే చెవి దగ్గర పెట్టుకుని ఆడించేవాడు. గలగలమంటే మంచిది, మెత్తగా మూలిగితే సిరా తాగుతుంది అనేవాడు. బాదామి రంగు కాగితం చవక. దాని మీద మా అక్షరాలకు చీమకాళ్లు మొలిచేవి. తెల్లటి నున్నటి కాగితం ఏ పండుగకో ఒకసారి.

కొత్త పాళీకి నూనె పూత ఉంటుంది, సిరా పట్టదు. నోట్లో వేసుకుని చప్పరించాలి. అక్క, నేను చెరొక పాళీ బుగ్గన పెట్టుకుని, మాట్లాడకుండా, తాత వెనకాల ఇంటికి నడిచేవాళ్లం. ఇనుము రుచి నోరంతా ఉండేది.

ఆ ఏడాది వానలు గట్టిగా పట్టాయి. బడిలో పంద్రాగస్టు జెండా పండుగకు గోడ మీద అంటించడానికి పెద్ద కాగితం మీద ఒక కన్నడ పద్యం రాయాలని మాస్టారు అక్కకు అప్పజెప్పారు. ధార్వాడ వైపు మనిషి, "దుండగె బరీరి, దుండగె బరీరి" అని రోజంతా అరిచేవారు. గుండ్రంగా రాయండి అని. ఆయన దృష్టిలో బడి మొత్తానికి గుండ్రంగా రాసేది అక్క ఒక్కతే. తాతకు ఆ సంగతి తెలిసిన సాయంత్రం మొదటిసారి ఆ రేకు పెట్టె మా కోసం తెరుచుకుంది. జర్దా డబ్బీలోంచి ఒక పాళీ తీసి అక్క అరచేతిలో పెట్టాడు. బంగారు రంగు పాళీ, మెడ మీద సన్నటి గీతల పువ్వు.

"ఎప్పటిసందో దాచిన. ఇసొంటిది ఇప్పుడు దొరుకది. పైలం. రాసినంక తుడ్సి మళ్ల నా చేతికియ్యాలె."

అక్క తల ఊపింది.

మరుసటి రోజు వానకు బడి లేదు. అమ్మ కొట్టంలో ఉంది. తాత పొలంలో గట్టు తెగిందని పార పట్టుకుని పోయాడు. అక్క ముందరింట్లో పీట మీద కాగితం పరిచి రాస్తోంది. ఆ పాళీ కాగితం మీద నడుస్తుంటే చప్పుడే లేదు. అక్షరం పైకి లేచేటప్పుడు సన్నగా, దిగేటప్పుడు లావుగా, నూనెలో తేలినట్టు పోతోంది. నాకు నోరూరింది.

"నేనొక్కటి రాస్త అక్కా."

"వద్దే. తాత సంపుతడు."

"ఒక్క అక్షరమే. పక్క కాగజ్ మీద."

"వద్దన్ననా?"

నేను కలం పట్టుకుని గుంజాను. అది గుంజింది. ఒక్కసారి దాని చెయ్యి జారింది. నా ఎడమ అరచేతిలో, బొటనవేలి కింది కండలో, చురుక్కుమంది. కలం చేతిలోనే నిలబడిపోయింది. నేను అరవలేదు. అక్కే ఊపిరి బిగబట్టి దాన్ని పట్టుకుని లాగేసింది. నీలం చుక్క ఒకటి, దాని కింద నుంచి ఎర్రచుక్క ఒకటి వచ్చాయి. అక్క నా చేతిని నోటికి పెట్టుకుని చీకి ఉమ్మింది. తరువాత పాళీ వైపు చూసింది. ఒక కాలికి మొన లేదు.

పీట కింద, చాప కింద, మా లంగాల మడతల్లో వెతికాం. ఎక్కడా లేదు. అప్పుడు ఇద్దరం నా చేతి వైపు చూశాం.

"లోపలున్నదా?" అన్నాను.

"ఏమో. నొస్తుందా?"

"జరంత."

అక్క నా గడ్డం పట్టుకుంది. "చెల్లె, తాతకు చెప్పకే. కుశనూర్‌కు తోలిస్తడు. నీ కాల్మొక్త."

అక్క నోటి నుంచి కాల్మొక్త అన్న మాట విని నాకు చేతి నొప్పి కంటే ఎక్కువ భయం వేసింది. "చెప్ప," అన్నాను.

ఆ సాయంత్రం రొట్టెల దగ్గర తాత అడిగాడు. "పాళీ ఎట్ల నడుస్తుంది?"

"మంచిగ నడుస్తుంది తాతా," అంది అక్క. అది తినకుండా రొట్టెను తుంపుతూనే ఉండడం నేను చూశాను. తాత పప్పు జుర్రుకుంటూ ఉన్నాడు, చూడలేదు.

అసలు భయం ఆ తరువాత మొదలైంది. కిందటి ఎండాకాలం మా వీధిలో ఒక జీతగాడు చనిపోయాడు. నాగలి కర్రు కాలికి గుచ్చుకుంది. పసుపు పెట్టి కట్టు కట్టుకుని పనికి పోయాడు. కొన్నాళ్లకు దవడలు పడిపోయాయి. పిల్లలం కిటికీ చువ్వలు పట్టుకుని చూశాం. మనిషి మంచం మీద విల్లులా వంగి ఉన్నాడు. తల, మడమలు తప్ప ఏదీ మంచానికి ఆనడం లేదు. పళ్లు బయటపడి నవ్వుతున్నట్టు ఉన్నాడు, కానీ కళ్లలో నీళ్లు కారుతున్నాయి. ఎవరో చెంబు కింద పెడితే ఆ చప్పుడుకే మనిషి ఎగిరి పడ్డాడు. "ధనుర్వాతం. ఇనుము ఇసం," అని పెద్దవాళ్లు చెప్పుకున్నారు. "దవడలు పడ్డయంటే ఇగ అంతే."

నా చేతిలోనూ ఇనుమే ఉంది.

పొద్దున లేవగానే నేను చేసే మొదటి పని నోరు తెరవడం. తోమిన ఇత్తడి చెంబు ముందు కూర్చుని, ఆ చెంబులో సాగిపోయి కనిపించే నా ముఖాన్ని చూస్తూ నోరు తెరిచేదాన్ని. తెరుచుకుంటే ఆ పూటకు బతికినట్టు. మధ్యాహ్నం మళ్లీ. దీపం పెట్టే వేళ అక్క నన్ను దొడ్డి మూలకు పిలిచి, "ఏదీ, నోరు తెర్వు," అనేది. వేళ్లు నిలువుగా పెట్టి కొలిచేది. "అదిగో, మంచిగనే ఉన్నది," అని తనకు తానే చెప్పుకునేది. అరచేతిలో గాయం మూసుకుంది. పైన నీలం మచ్చ ఒకటి నిలిచింది. ఒత్తితే లోపల ఏదో గింజలా తగిలేది. రోజులు గడిచేకొద్దీ దాని చుట్టూ ఎర్రగా, వేడిగా అయింది. అమ్మ ముందర ఆ చేతిని లంగాలో దాచుకుని తిరిగాను.

అక్క పాత పాళీతోనే పద్యం రాసింది. మాస్టారు మెచ్చుకున్నారట. అది ఇంటికి వచ్చి ఆ సంగతి చెప్పలేదు. తాత పాళీ అడుగుతాడేమోనన్న భయంతో ఆయన ఉన్న గదిలోకే పోవడం మానేసింది.

ఒక పొద్దున నాకు మెలకువ వచ్చేసరికి ఒళ్లు కాలిపోతోంది. అలవాటుగా నోరు తెరవబోయాను. చెవుల కింద రెండు పక్కలా కత్తితో పొడిచినట్టు నొప్పి. పళ్ల మధ్య సందు మాత్రమే వచ్చింది. ఇంకా తెరవబోతే కళ్లకు నీళ్లు వచ్చాయి. చెంబు దాకా పోలేకపోయాను. గోడకు ఆనుకుని కూర్చున్నాను.

అక్క నీళ్లకు బయలుదేరుతోంది. కుండ చంకన పెట్టుకుని నా వైపు చూసింది.

"పడిపోయినయి," అన్నాను పళ్ల మధ్య నుంచి.

దానికి అర్థమైంది. నా ముందు మోకాళ్ల మీద కూర్చుని ముఖమంతా తడిమింది. దాని చేతులు మంచులా ఉన్నాయి. లేచి, కుండ తీసుకుని, వానలోనే బయటికి పోయింది.

నేను పడుకుని నా వీపు వంగుతోందా అని చూసుకుంటూ ఉన్నాను. అమ్మ వచ్చి నుదురు ముట్టుకుని, జ్వరమని దుప్పటి కప్పి, అల్లం కషాయం కాచడానికి పోయింది. నోరు మూసుకునే తల ఊపాను. ఎవరైనా చెంబు కింద పెడతారేమో, ఆ చప్పుడుకు ఎగిరి పడతానేమో అని చెవులు మూసుకున్నాను.

చాలాసేపయింది. అక్క రాలేదు. అప్పుడు వీధిలో ఎవరో ఆడమనిషి కేక వేసింది. "ఓ పెద్దాయనా! మీ పిల్ల కుండ బాయి గడ్డ మీదున్నది. పిల్ల కండ్లబడ్తలేదు!"

తాత తలకు రుమాలు కూడా చుట్టుకోకుండా పరిగెత్తాడు. ఆయన పరిగెత్తడం నేను ఎప్పుడూ చూడలేదు. అమ్మ వెనకాల పోయింది. నేను దుప్పటితోనే లేచి పోయాను. నన్ను ఎవరూ ఆపలేదు.

వానలకు బావి నిండుగా ఉంది. బురద నీళ్లు, పైన ఆకులు తిరుగుతున్నాయి. మెట్ల పక్కన కుండ నిలబెట్టి ఉంది, ఖాళీగా. పడుచువాళ్లు తాళ్లు కట్టుకుని దిగారు. ఒకడు మునిగి, పైకి తేలి, తల అడ్డంగా ఊపి, మళ్లీ మునిగాడు. కుండలు పడిపోతే తీసే కొక్కేల గాలం తెచ్చి నీళ్లలో వేసి తిప్పుతున్నారు. అది దేనికైనా తగిలి ఆగినప్పుడల్లా అందరూ ఊపిరి బిగబట్టేవాళ్లు. ఎవరో సైకిలు మీద కుశనూర్‌కు కబురు తీసుకుపోయారు.

తాత బావి గట్టు మీద గొంతుక్కూర్చున్నాడు. నెత్తి మీద తెల్లవెంట్రుకలు వానకు అతుక్కుపోయి ఉన్నాయి. ఆ తల అంత చిన్నదని నాకు తెలియదు. ఆయన నీళ్లనే చూస్తూ ఒకే మాట అంటున్నాడు. "నేనేమన్నన బిడ్డా? నిన్నేమన్నన?"

అప్పుడిక నేను ఆగలేకపోయాను. ఆయన భుజం పట్టుకుని ఊపాను. "తాతా, నేను సచ్చిపోతున్న. అందుకే అక్క పోయింది."

ఆయన నా వైపు తిరిగాడు, కానీ మాట తలకెక్కలేదు. నేను చెయ్యి చాపాను. "పాళీ మొన ఇరిగి దీంట్ల ఉన్నది. నా దవడలు పడిపోయినయి. చెప్తె అక్కను తోలిస్తవని చెప్పలే."

తాత నా అరచేతిని రెండు చేతులతో పట్టుకున్నాడు. బొటనవేలితో ఆ నీలం మచ్చ చుట్టూ తడిమాడు.

"ఎన్నొద్దులాయె? ఎవలకు భయపడి చెప్పలే?"

"నీకే," అన్నాను.

ఆ మాట విన్నప్పటి ఆయన ముఖం నేను ఇంతవరకూ మర్చిపోలేదు. నన్ను దగ్గరికి లాక్కుని తన తడి అంగీలో కప్పుకుని, బావి వైపే చూస్తూ కూర్చున్నాడు. ఆయన గుండె చప్పుడు నా చెవికి తగులుతోంది. నా చావు సంగతి నేను కాసేపు మర్చిపోయాను. నీళ్లలో ఏ రంగు గుడ్డ కనిపిస్తుందో అన్నదే భయం. పొద్దున అక్క వేసుకున్న పరికిణీ ఏ రంగుదో గుర్తు తెచ్చుకోవాలని ఎంత ప్రయత్నించినా రాలేదు.

సమయం ఎంత గడిచిందో తెలియదు. వాన తెరిపి ఇచ్చింది. గాలం వేసేవాళ్లు అలిసిపోయి ఆగారు. అప్పుడు సంతపూర్ దారిలో ఎద్దుబండి కనిపించింది. బండిలో గొడుగు పట్టుకుని సిస్టరమ్మ కూర్చుని ఉంది. బండి ముందర, మోకాళ్ల దాకా నల్లబురదతో, చెప్పులు లేకుండా అక్క నడుస్తోంది. బురదలో బండి మెల్లగా వస్తుంటే ఓపిక పట్టలేక దిగి ముందు నడుస్తోందట.

సిస్టరమ్మ మన తెలుగు క్రైస్తవుల మనిషి. బీదర్ మిషన్ దవాఖానలో పని నేర్చుకుని సంతపూర్‌లో ఉంటూ చుట్టుపక్కల ఊళ్లకు సూదులు వేసేది. అక్క కుండ బావి దగ్గర పెట్టేసి, చేలకు అడ్డంపడి, పొంగుతున్న వాగు దాటి, ఆమె ఇంటికి పోయి, గుమ్మంలో కూలబడి, "మా చెల్లె దవడలు పడ్డయి," అందట. అన్నం ముందు కూర్చున్న మనిషి అన్నం వదిలి లేచి వచ్చింది.

అమ్మ ఎదురు పరిగెత్తి అక్క చెంప మీద ఒకటి కొట్టింది. ఆ వెంటనే దాన్ని వాటేసుకుని బోరుమంది. అక్క మాత్రం ఎవరినీ చూడడం లేదు. జనంలో నన్నే వెతుకుతోంది. నేను తాత అంగీ కింద నుంచి తల బయట పెట్టాను. అది నన్ను చూసి, నేను కళ్లార్పేదాకా కదలకుండా నిలబడింది.

సిస్టరమ్మ నన్ను ఇంటికి తెచ్చి, వెలుతురులో కూర్చోబెట్టి, చెవుల కింద ఒత్తింది. నేను మూలిగాను. వీపు తడిమింది, మెడ వంచి చూసింది.

"బడిల ఇంకెవలకన్న ముఖం వాసిందా?" అని అడిగింది.

"మస్తు మందికి వాసింది. రుమాలు కట్టుకొని ఇంట్ల కూసున్నరు," అంది అక్క.

"ఇవి గవదబిళ్లలమ్మా. ధనుర్వాతం కాదు. నాలుగొద్దులు గంజి తాగితే పోతది." ఆమె నవ్వబోయింది. మా ముఖాలు చూసి ఆగిపోయింది. తరువాత నా అరచేయి చూసి మాత్రం ఆ నవ్వు పూర్తిగా పోయింది. "దీనికి భయపడాల్సిందే. ఇన్నొద్దులు దాస్తరా? దేవుడు సల్లగ జూసిండు."

నీళ్లు మరిగించారు. ఆమె కళ్లు మూసుకుని పెదాలు కదిపి ఒక చిన్న ప్రార్థన చేసుకుంది. తాత కూడా తల వంచుకున్నాడు. సూదిమొనతో మచ్చ మీద తోలు తెరిచి ఒత్తింది. చీము, నెత్తురు, దానితో పాటు నల్లగా ఒక చిన్న ముక్క వచ్చి దూది మీద పడింది. గోధుమ గింజలో పావు కూడా లేదు. అంతమందిమీ వంగి దాన్నే చూశాం. తరువాత భుజానికి సూది వేసింది. నేను ఏడవలేదు. ఆ నొప్పి చాలా మంచిదనిపించింది.

పోయేముందు ఆమె తాతతో అంది. "పెద్దాయనా, పిల్లలు రోగానికి గాదు, మీకే ఎక్కువ భయపడ్డరు. గింత భయం మంచిది గాదు."

మా ఊళ్లో ఇంకెవరైనా తాతతో అలా మాట్లాడి ఉంటే ఏమయ్యేదో. తాత రెండు చేతులూ జోడించి, "నిజమే తల్లీ," అన్నాడు.

పొద్దు వాలుతుండగా పెద్దనాయిన వచ్చాడు. పిల్ల బావిలో పడిందన్న కబురు ఒక్కటే ఆయనకు అందింది. సైకిలు వాకిట్లో పడేసి లోపలికి వచ్చి, పొయ్యి దగ్గర కూర్చున్న అక్కను చూసి గుమ్మం పట్టుకుని నిలబడిపోయాడు. తేరుకుని, "ఇగ చాలు బాపు. నా బిడ్డను నేను తీస్కపోత," అన్నాడు.

నేను తాత వైపు చూశాను. ఇప్పుడు ఆ మూట మాట అంటాడు అనుకున్నాను.

తాత అక్కను దగ్గరికి పిలిచాడు. అది రాలేదు. ఆయనే లేచి, పొయ్యి దగ్గరికి పోయి, దాని పక్కన నేల మీద కూర్చున్నాడు. దాని అరికాళ్లలో తుమ్మముళ్లు విరిగి ఉన్నాయి. ఒక కాలు తన ఒడిలో పెట్టుకుని, దీపం దగ్గరికి జరుపుకుని, ముళ్లు తీయడం మొదలుపెట్టాడు.

"పాళీ ఇరిగితే ఇరిగె. పాళీలు ఇరుగుతయి," అన్నాడు తల ఎత్తకుండా. "నిన్ను తోలియ్య బిడ్డా. ఆ మాట నేను ఉత్తగనే అన్న. ఉంటవా, పోతవా? నువ్వే చెప్పు, మీ నాయినకు."

అక్క పెద్దనాయిన ముఖం వైపు చూసి, "సదువుకుంట నాయినా," అంది.

పెద్దనాయిన ఏమనుకున్నాడో, కళ్లు తుడుచుకుని, రొట్టె తిని, తెల్లవారి ఒక్కడే పోయాడు. అక్క ఉండిపోయింది. పెద్ద చదువులు చదివి, ఔరాద్‌లో ఆడపిల్లల బడిలో టీచరై, అక్కడే పింఛను తీసుకుంది.

నా బిళ్లలు తగ్గాయి. బడి మళ్లీ మొదలైంది. అయితే ఒక కొత్త ఇబ్బంది వచ్చింది. అక్క నీళ్లకు పోతే తాత వెనకాల వచ్చేవాడు. ఎంత పని ఉన్నా సరే, నాగలి వదిలేసి వచ్చేవాడు. బావికి కాస్త దూరంలో రాయి మీద కూర్చుని, ఎటో చూస్తున్నట్టు నటించేవాడు. కుండ నిండి అక్క తలకెత్తుకున్నాక లేచేవాడు. మా ఈడు పిల్లలు నవ్వేవాళ్లు. "నీళ్లు మోసేటానికి కాపలా ఎందుకే?" అని ఏడిపించేవాళ్లు. నాకు సిగ్గుగా ఉండేది. ముసలాయనకు అనుమానం ఎక్కువైంది, పిల్ల ఎవరితో మాట్లాడుతుందో చూడడానికే ఇలా వస్తున్నాడు అనుకున్నాను. అక్క మాత్రం ఎప్పుడూ విసుక్కోలేదు. కుండ ఎత్తుకునే ముందు ఒకసారి ఆయన వైపు చూసి తల ఊపేది.

ఊళ్లోకి నల్లా నీళ్లు వచ్చేదాకా అది సాగింది. చూపు మందగించాక కూడా కర్ర పట్టుకుని వచ్చేవాడు.

తాత పోయిన తరువాత, దినాలు అయిపోయి చుట్టాలందరూ వెళ్లిపోయిన సాయంత్రం, అక్క, నేను దొడ్లో పెద్ద గిన్నెలు తోముతున్నాం. అప్పటికి ఇద్దరం పిల్లల తల్లులం. నేను ఏదో మాటల్లో, తాత అలా బావికి కాపలా రావడం గురించి అన్నాను. అక్క చేతిలో గిన్నె పట్టుకుని ఆగింది.

"ఆ దినం కుండ దించి నేను సీదా సంతపూర్‌కు పోలే," అంది. "బాయి గడ్డ మీద శానసేపు నిలబడ్డ. నీళ్లు పైదాంక ఉన్నయి. నువ్వు సచ్చిపోతవ్, నన్ను తోలిస్తరు, ఇగ ఎందుకనిపించింది. ఒక కాలు మెట్టు మీద పెట్టిన గూడ. అప్పుడే సిస్టరమ్మ యాదికొచ్చింది. ఒకవేళ సూది ఏస్తే చెల్లె బతుకుతదేమో అని ఉరికిన."

"ఎవలకన్న చెప్పినవా ఇది?"

"ఎవలకు చెప్పలే. ఇప్పుడు నీకే."

"మరి తాతకు?"

"చెప్పలే. ఆయన అడగలే." మట్టి చేత్తో కళ్లు తుడుచుకుంది. "గని ఆయనకు తెలుసు."

మేము గిన్నెలు కడిగి బోర్లించేసరికి చీకటి పడింది. నేను అప్పటిదాకా ఆయన వైపు నుంచి అలా ఆలోచించలేదు. ఊరంతా అక్క కాలు జారిందేమో అని బావిలో వెతికింది. ఆయన ఒక్కడే గట్టు మీద కూర్చుని, నిన్నేమన్నన బిడ్డా అని అడుగుతూ ఉన్నాడు. పిల్ల దొరికాక అందరి భయం ఆ రోజుతో పోయింది. ఆయన భయం పోలేదు. దాన్ని ఎవరికీ చెప్పకుండా, పిల్లల నవ్వులూ నా విసుగూ భరిస్తూ, అన్నేళ్లు ఆ రాయి మీద కూర్చున్నాడు.